కుడి ఊపిరితిత్తిలో ముద్ద

పళ్లు తోముకుంటూ దగ్గాను. తొట్టిలో నురుగుతోపాటు నెత్తురు పడింది. చిగుళ్లదేమో అనుకుని పుక్కిలించి ఉమ్మాను. రెండోసారీ ఎర్రగానే వచ్చింది.

ఆ ఎరుపు నాకు కొత్త కాదు. ముప్పై దాటిన కొత్తలో టీబీ వచ్చినప్పుడు ఇలాగే పడింది. అప్పుడు సర్కారు దవాఖానాలో ఇచ్చిన మాత్రలు ఒక్కపూట కూడా మానకుండా మింగి బాగుపడ్డాను. ఆఖరున తీసిన ఎక్స్‌రేలో కుడివైపు, పైభాగాన, నల్లగా ఒక గుంత కనిపించింది. "పురుగు తిన్న జాగా అది. పురుగు పోయింది, గుంత ఉంటది. ఏం ఫికర్ లేదు" అన్నాడు అప్పటి డాక్టరు. నేను కూడా ఫికర్ పెట్టుకోలేదు. ఆ గుంతను మోసుకుంటూనే రాయచూరు గంజ్‌లో చాలా ఏళ్లు నౌకరీ చేశాను.

గంజ్ అంటే మా ఊళ్లో ధాన్యం, పత్తి అమ్మే మార్కెట్టు. అందులో ఒక అడత్ దుకాణంలో గుమాస్తాను నేను. రైతు తెచ్చిన సరుకును అమ్మించి కమీషన్ తీసుకునే దుకాణం అది. నా పని సరుకు చూడటం. పత్తి సంచిలో మోచేతి దాకా చేయి పెట్టి తేమ ఎంతుందో చెప్పాలి. కందులు కొరికి చూడాలి. పల్లికాయను చెవి దగ్గర ఆడించి లోపలి గింజ నిండుగా ఉందో లేదో చెప్పాలి. వానకు తడిసిన సరుకు వస్తే గోదాం వెనక మూలలో వేయించేవాళ్లం. కొద్ది రోజుల్లోనే దాని మీద పచ్చటి బూజు పట్టేది. సంచి విప్పి దులిపితే సన్నటి పొడి లేచి వెలుతురులో తేలేది. ఆ పొడిలో నిలబడి మంచి గింజ, చెడ్డ గింజ ఏరించేవాణ్ణి. ఎప్పుడైనా రుమాలు ముక్కుకు కట్టుకుంటే మా సావుకారు నవ్వేవాడు.

"ఏందిరా, పెండ్లికూతురు లెక్క ముసుగేసినవ్?"

అందరూ నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వి రుమాలు జేబులో పెట్టుకునేవాణ్ణి.

నెత్తురు సంగతి నా భార్యకు దాచలేకపోయాను. ఆమెది మట్మారి, మా దగ్గరి పల్లె. చిన్నప్పటి నుంచి పొలంపని చేసిన మనిషి, పెళ్లయి టౌనుకొచ్చాక జాకెట్లు కుట్టడం నేర్చుకుంది. తొట్టి కడగబోయి చూసింది.

"ఎన్ని దినాల సంది పడుతుంది?"

"ఈ రోజే."

"అబద్ధం చెప్పకు. నీ మొఖంల కనపడుతుంది. ఆ పాత బీమారే మల్లొచ్చిందా?"

స్టేషన్ వైపు ఉన్న ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, నేను కుర్చీలో సర్దుకునే లోపే కిందికి దించాడు. "మళ్లీ వచ్చింది" అన్నాడు. కఫం పరీక్షకు ఇచ్చాం. అందులో పురుగు లేదని వచ్చింది. ఆ కాగితం ఆయన ముందు పెట్టి, లేదంటున్నారు కదా అని అడిగాను.

"కనపడకపోతే లేనట్టు కాదు. ఫోటోల గుంత కనపడుతుంది కద, నెత్తురు పడుతుంది కద. ఇంకేం గావాలె?"

మాకు అంతకన్నా ఎదురడగడం రాలేదు. టీబీ మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను.

అప్పటికి మేమూ మా అన్న కుటుంబమూ కోట దగ్గర ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అన్నకు ఇద్దరు పిల్లలు, కూతురు, కొడుకు. మాకు పిల్లలు లేరు. ఆ పిల్లలనే భుజాల మీద మోసి పెంచాను. మాత్రలు మొదలైన మరునాడు అన్నానికి కూర్చుంటే నా ముందుకు ఎప్పటి కంచం రాలేదు. అంచు వంగిపోయిన పాత పళ్లెం ఒకటి వచ్చింది. వదిన దాన్లోనే వడ్డించింది.  సాయంత్రం అన్న నా పక్కన వచ్చి కూర్చుని చాలాసేపు మోకాలు నిమురుకున్నాడు.

"తమ్మీ, నీకు చెప్పనీకి నాకు నోరొస్తలేదు. పిల్లలున్న ఇల్లు. పోరికి సంబంధాలు చూస్తున్నం. నాలుగు దినాలు ఎనక రూముల ఉండరాదు?"

వెనక రూమంటే రేకుల గది. ఒకప్పుడు కట్టెలు, పాత సామాన్లు వేసేవాళ్లం. ఒక్కటే చిన్న కిటికీ, అది కూడా పక్కింటి గోడ వైపు. నేను తల ఊపేశాను. నా భార్య ఊపలేదు.

"బావా, ఆయనకు దమ్మాడక గాలి గాలి అంటుంటె ఆ రేకుల కొట్టంల పండుకోమంటవా? ఎండకాలం వస్తుంది."

"ఫ్యాను పెట్టిస్తనమ్మా."

ఫ్యాను పెట్టించాడు. ఆ మాట తప్పలేదు.

సావుకారు కూడా మెత్తగానే చెప్పాడు. "తబియత్ ముఖ్యం. ఇంట్ల కూసోని ఆరాం చెయ్యి. నీ జాగా యాడికి పోదు." నేను నమ్మాను. అంతకాలం ఆయన దుకాణం తాళం చెవులు నా మొలతాడుకే ఉండేవి మరి.

ఆ మాత్రలతో నెలలు గడిచాయి. తిన్నది కడుపులో నిలిచేది కాదు. కీళ్లు పట్టేసి, మెట్టు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మొదటిసారి ఇవే మాత్రలు వేసుకుంటే నెల తిరిగే లోపు ఒంట్లో సత్తువ తెలిసింది. ఈసారి రోజురోజుకూ చిక్కిపోతున్నాను. నెత్తురు ఒక వారం ఆగుతుంది, మళ్లీ పడుతుంది. వెళ్లి చెబితే డాక్టరు కోర్సు పొడిగించాడు. మళ్లీ చెబితే ఇంకో మాత్ర కలిపాడు. మాత్రలు సరిగా మింగుతున్నానా అని నా భార్యను అడిగాడు. దొంగను పట్టుకుని వేసే ప్రశ్నలా ఉంది అది.

ఒక మధ్యాహ్నం రేకుల గదిలో పడుకుని ఉండగా గొంతులో వెచ్చగా పొంగింది. లేచి కూర్చునే లోపే నోటినిండా వచ్చేసింది. ఆగలేదు. నా భార్య చెంబు పట్టింది, చెంబు నిండింది. ఆమె అరిచిన అరుపుకు అన్న పరుగున వచ్చాడు. వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు. ఒక కాలు లోపలికి వేశాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అయినా లోపలికి రాలేదు.

లోపలికి వచ్చింది ఎదురింటి ఆటో ఆయన. ఈద్‌కు షీర్ ఖుర్మా పంపడం, దసరాకు మా ఇంటి భక్ష్యాలు తీసుకోవడం తప్ప పెద్ద రాకపోకలు లేని మనిషి. వచ్చీరాగానే నా చంకల కింద చేతులు వేసి లేపాడు. ఆయన అంగీ అంతా నా నెత్తురే.

"చలో భాయ్, హిమ్మత్ రఖో. అమ్మా, నువ్వు కాళ్లు పట్టు."

పెద్దాసుపత్రిలో సూదులు వేసి నెత్తురు ఆపారు. అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు నా పాత కాగితాలన్నీ చూసి, ఎదురుగా ఎవరి తప్పూ ఎత్తకుండా, "హైదరాబాద్ పోయి ఛాతీకి స్కాన్ తీయించుకోండి. ఆలస్యం చెయ్యొద్దు" అని కన్నడంలో చెప్పాడు. నా భార్య పుస్తెలు మినహా ఉన్నదంతా అమ్మింది. ఇద్దరమూ రైలెక్కాం.

హైదరాబాద్‌లో చూసిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. స్కాన్ మిషన్‌లో మొదట వెల్లకిలా పడుకోబెట్టారు. తర్వాత ఆమె బయటి నుంచి ఏదో చెప్పింది, నన్ను బోర్లా తిప్పి మళ్లీ తీశారు. అయ్యాక మా ఇద్దరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించింది.

"ఇదిగో మీ పాత గుంత. లోపల ముద్ద కనబడుతోందా? వెల్లకిలా పడుకున్నప్పుడు వీపు వైపు ఉంది. బోర్లా పడుకోగానే ఛాతీ వైపుకు జారింది. చూశారా?"

చూశాను. నేను పక్కకు తిరిగినప్పుడల్లా నాలో ఏదో ఉండలా దొర్లుతోందన్నమాట. 

"టీబీ కాదు ఇది. పాత టీబీ చేసిన గుంతలో ఫంగస్ పెరిగింది. ఫంగస్ అంటే బూజు. తడిసిన గింజల మీద పట్టేదే. మీరేం పని చేస్తారు?"

చెప్పాను. ఆమె అది కాగితం మీద రాసుకుంది. తర్వాత, దాని పొడి గాలిలో అందరమూ పీలుస్తామనీ, బాగున్న ఊపిరితిత్తి దాన్ని ఎప్పటికప్పుడు బయటికి నెట్టేస్తుందనీ, నా గుంతలో గాలి సరిగా ఆడదు, నెట్టే శక్తీ లేదు కాబట్టి అక్కడ నిలిచిపోయిందనీ చెప్పింది.

నాకొక అనుమానం వచ్చింది. బూజుతో గడిపిన బతుకు నాది. గాలి చొరకుండా గట్టిగా కట్టిన సంచిలో అది పెరగదు. సంచి చిరిగి గాలీ తడీ తగిలితేనే పడుతుంది.

"డాక్టరమ్మా, గుంతల గాలి సరిగ ఆడదంటిరి. గాలి లేనికాడ బూజు ఎట్ల బతుకుతది?"

ఆ ప్రశ్నకు ఆమె మొఖంలో అలసట కొంచెం తగ్గింది. కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది.

"గాలి బొత్తిగా లేకపోతే అది కూడా బతకదు. కానీ తక్కువ గాలితో బతకడం నేర్చుకుంటుంది. ఊపిరితిత్తి దెబ్బతిన్న చోట, వాపు వచ్చిన చోట ప్రాణవాయువు బాగా పడిపోతుంది. మన కణాలు అక్కడ చచ్చిపోతాయి. ఇది చావదు. దాని ఒంటి చుట్టూ సన్నటి పొర ఉంటుంది. ఆ పొరకు ఒక రకం కొవ్వు కావాలి. ఆ కొవ్వు తయారు చేసుకోవడానికి ప్రాణవాయువు కావాలి. కొవ్వు తగ్గుతోందంటే గాలి తగ్గిందని దానికి తెలుస్తుంది. వెంటనే లోపలి ఏర్పాట్లన్నీ మార్చుకుంటుంది. ఉన్న కాస్త గాలినీ ముఖ్యమైన పనికే వాడుకుంటుంది. చక్కెరను పులియబెట్టుకుని కూడా కొంత శక్తి తెచ్చుకోగలదు. పోగులు పోగులుగా అల్లుకుని, జిగురు పూసుకుని ముద్దగా మారుతుంది. ముద్ద నడిమికి గాలి దాదాపు పోదు. అక్కడ ఎక్కువ పెరగదు, కదలదు, కానీ ఉంటుంది."

"మరి నెత్తురు?"

"గుంత గోడకు ఒరిపిడి. అక్కడ కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, బలం లేనివి. అవి పగిలినప్పుడు పడుతుంది."

"మందుంది కద?"

"ఉంది." ఆ మాట చాలా నెమ్మదిగా అంది. "మీకు అబద్ధం చెప్పను. మన మందు దెబ్బకొట్టేది ఆ కొవ్వు తయారీనే. గాలి లేనప్పుడు ఆ తయారీని కాపాడుకోవడానికి అది ఏ దారి పడుతుందో, మందు నుంచి తప్పించుకోవడానికీ కొంతవరకు అదే దారి పనికొస్తుంది. పైగా ముద్దలోకి నెత్తురు పోదు. మందు పోయేది నెత్తురుతోనే. చుట్టూ పాకకుండా ఆపగలం. ముద్ద పోతుందని మాటివ్వలేను. కోసి తీసేయాలంటే మీ మిగతా ఊపిరితిత్తి తట్టుకోదు."

ఇదంతా వింటూ నా భార్య ఒక్క మాట కోసమే కాచుకుని ఉంది.

"అమ్మా, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటదా?"

"లేదు. అస్సలు అంటుకోదు. ఒకే కంచంలో తినొచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు."

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే ఫోన్ తీసి అన్నకు కలిపింది. "అమ్మా, మీకు దండం పెడత. ఈ మాటే మా బావకు చెప్పుండ్రి" అని ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. బయట జనం బారులు తీరి ఉన్నారు. అయినా ఆమె విసుక్కోకుండా చెప్పింది. అవతల అన్న గొంతు నాకు వినబడుతూనే ఉంది. "అట్లనా మేడమ్. మంచిది మేడమ్. చాన సంతోషం మేడమ్."

రైలు దిగి ఇంటికి వస్తుంటే, ఈ పూట అందరమూ ఒక్కచోట కూర్చుని తింటామనుకున్నాను. అంత వయసొచ్చినవాణ్ణి, పిల్లవాడిలా అదే ఊహించుకుంటూ ఆటోలో కూర్చున్నాను.

వదిన వాకిట్లోనే నిలబడి ఉంది. ఆమె వెనక అన్న.

"ఫంగస్ అంట కద?" అంది వదిన.

"అవ్ వదినా, టీబీ కాదు. అంటుకోదు."

"కరోనల టీవీల రోజు చూపిచ్చిన్రు. ముక్కు నల్లగై, కండ్లు తీసేసిన్రు. మా మేనమామ కొడుకుకు దవడ తీసేసిన్రు. దానికంటె టీబీయే నయం కద. దానికి మాత్రలన్న ఉన్నయి."

"అది వేరే, ఇది వేరే వదినా. అది కూడ అంటుకునేది కాదు."

"అన్నీ ఒకటే. బూజు గాలికి లేస్తది. నువ్వే చెప్తుంటివి కద గోదాంల లేస్తదని."

  చెప్పినా వినే చెవులు అక్కడ లేవని తెలిసిపోయింది. టీబీ అన్నప్పుడు వెనక గది దాకా పంపారు. టీబీ కాదనేసరికి వీధి దాకా పంపుతున్నారు.

అన్న గొంతు సవరించుకున్నాడు. "తమ్మీ, డాక్టరమ్మ చెప్పింది నిజమే గావచ్చు. గానీ చుట్టుపక్కలోళ్లకు ఎవరు చెప్తరు? పోరికి సంబంధం వచ్చేటట్టుంది. వాళ్లు అడుగుతరు. కొన్ని దినాలు బయట చూసుకుంటె..."

నా భార్య సంచి కింద పెట్టలేదు. అక్కడే, వాకిట్లోనే అంది.

"బావా, నీకు కడుపునొప్పి వచ్చినప్పుడు ఈయన నిన్ను ఎత్తుకోని దవాఖానకు ఉరికిండు. నువ్వు కక్కింది కూడ ఈయనే కడిగిండు. అప్పుడు అంటుకుంటదా అని అడిగినమా? నాకు ఇల్లు వద్దు. ఇంట్ల నీ తమ్మునికి వాటా ఉందన్న సంగతి కూడ నేను ఎత్తను. గానీ, అంటుకుంటదని మాత్రం అనకుండ్రి. భయమైతుంది అని చెప్పుండ్రి, వింట."

అన్న తల వంచుకున్నాడు. వదిన లోపలికి వెళ్లిపోయింది. ఆ వారంలోనే లింగసుగూరు రోడ్డు వైపు రెండు చిన్న గదులు అద్దెకు తీసుకుని వెళ్లిపోయాం. సామాను దింపింది ఆ ఆటో ఆయనే.

మందు వేసుకుంటూ కొంచెం ఓపిక వచ్చాక గంజ్‌కు వెళ్లాను. నా జాగాలో సావుకారు మేనల్లుడు కూర్చుని ఉన్నాడు. సావుకారు కుర్చీ వేయించాడు, దూరంగా. చాయ్ కూడా తెప్పించాడు, కాగితం కప్పులో. జబ్బు ఏమిటో అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. తడిసిన సరుకు దులిపేటప్పుడు లేచే పొడి వల్లనే కావచ్చని డాక్టరమ్మ అన్నదనీ, ఇప్పుడు దులిపేవాళ్లకు మూతికి కట్టుకోమని చెప్పమనీ అన్నాను. నేను చెప్పింది వాళ్ల మేలుకే. ఆయన మొఖం మారిపోయింది.

"అంటే ఏందిరా? నా గోదాంల నీకు రోగమొచ్చిందని చెప్పనీకొచ్చినవా? ఎవరు నేర్పిచ్చిన్రు నీకు? వకీలు దగ్గరికి పోయినవా?"

"లేదు సావుకారీ, వాళ్లకు జాగర్త చెప్పుమంటున్న."

"ఇంతమంది హమాలీలున్నరు. ఎవరికీ రానిది నీకే ఎట్లొచ్చింది? నీకు పాత టీబీ ఉండె. అది దాచిపెట్టి నౌకరీల చేరినవ్. నేనే నీ మీద కేసెయ్యాలె."

నేను దాచలేదు. మొదటిసారి టీబీ వచ్చినప్పుడు మాత్రలు తెచ్చుకోవడానికి సెలవిచ్చింది ఆయనే. ఆ సంగతి గుర్తుచేయబోయాను. ఆయన అప్పటికే ఫోన్‌లో పత్తి రేటు మాట్లాడుతున్నాడు. చాయ్ చల్లారిపోయింది. లేచి వచ్చేశాను.

అదే ఊపులో, కడుపు మంటతో, స్టేషన్ వైపు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాను. హైదరాబాద్ రిపోర్టు ముందు పెట్టాను. ఆయన చదివాడు. పూర్తిగానే చదివాడు, అది మాత్రం ఒప్పుకుంటాను.

"అవును, ఫంగస్ బాల్. పాత గుంతలున్నోళ్లకు వస్తది" అన్నాడు, నాకు కొత్త సంగతి చెబుతున్నట్టు.

"మరి అన్ని నెలలు టీబీ మాత్రలు మింగిస్తిరి కద సార్."

"అప్పుడు అట్ల కనిపించింది. ఆ మాత్రలతోని నీకు నష్టమేం కాలేదు కద?"

నా మోకాళ్ల వైపు చూసుకున్నాను. రేకుల గది గుర్తొచ్చింది. వంగిన పళ్లెం గుర్తొచ్చింది. ఇవి ఏ పరీక్షలోనూ తేలే నష్టాలు కావు. "లేదు సార్" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకట్లా అన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దవాళ్ల ముందు నోరు పెగలని అలవాటు ఒంట్లో పాతుకుపోయింది.

డాక్టరమ్మ ఫంగస్‌కు మొదట ఇచ్చిన క్యాప్సూల్స్‌తో కాళ్లు వాచాయి. చెప్పులు పట్టేవి కాదు. మళ్లీ స్కాన్ తీస్తే ముద్ద అలాగే ఉంది, గుంత గోడ ఇంకాస్త మందమైంది. మందు దానికి పెద్దగా తగలడం లేదంది డాక్టరమ్మ. వేరే మందు రాసిస్తూ ఒక జాగ్రత్త చెప్పింది. "ఇది వేసుకున్నంత కాలం ఎండ తగలకూడదు. చర్మం కాలిపోతుంది."

రాయచూరులో ఎండ తగలకుండా ఉండటం! ఆమె వైపు చూసి నవ్వాను. ఆమెకూ తెలుసు, నవ్వలేదు.

గొడుగు పట్టాను, తలకు తువ్వాల చుట్టాను, పొడుగు చేతుల అంగీ వేశాను. అయినా మందుల దుకాణానికి పోయి వచ్చే దారిలోనే మొఖం కమిలిపోయేది. మొదట ఎర్రబడింది, పొట్టు లేచింది, తర్వాత చెంపలు, నుదురు, చేతుల వెనక భాగం మసి పూసినట్టు నల్లబడ్డాయి. ఒకరోజు బజారులో గంజ్ హమాలీలు ఎదురయ్యారు. నాతో కలిసి ఎన్నో ఏళ్లు పని చేసినవాళ్లు. పక్కకు తప్పుకుని దారిచ్చారు. దాటిపోయాక ఒకడు ఇంకొకడితో అన్న మాట నాకు స్పష్టంగా వినబడింది.

"చూసినవా? బ్లాక్ ఫంగస్. మొఖానికి ఎక్కింది."

వెనక్కి తిరిగి, ఇది మందు వల్ల నలుపు, బూజు తెల్లగానో పచ్చగానో ఉంటుంది, మీరు రోజూ దాన్నే మోస్తున్నారు అని చెప్పాలనిపించింది. చెప్పాలంటే ఊపిరి కావాలి. అప్పటికి ఇంటి దాకా నడవడానికే సరిపోయేంత ఉంది.

తర్వాత ఇంకోసారి నెత్తురు పొంగింది. హైదరాబాద్‌లో గజ్జల దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, పగిలే నాళాలను లోపలి నుంచే మూసేశారు. అది పని చేసింది. మళ్లీ అంత నెత్తురు పడలేదు. అప్పుడప్పుడు కఫంలో చార కనిపిస్తుంది, అంతే. డాక్టరమ్మ దీన్నే మంచి ఫలితం అంటుంది. ఆమె అన్నది నిజమే. బతికి ఉన్నాను. ఇంట్లో కూర్చుని ఒక విత్తనాల దుకాణానికి ఫోన్ మీద ఆర్డర్లు రాసిపెడుతున్నాను. నా భార్య కుట్టుమిషన్ మీద ఇల్లు నడుస్తోంది.

ఈ మధ్య అన్న కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు రోజు అన్న మా ఇంటికి వచ్చాడు. మూతికి మాస్కు. చేతిలో స్టీలు క్యారియర్. గడప దాటలేదు. వాకిట్లో వేపచెట్టు నీడలో నిలబడ్డాడు.

"లడ్డు, పులిహోర, వంకాయ కూర. నీకిష్టమని నేనే కట్టిపిచ్చిన."

"కూసో అన్నా."

"లేదు తమ్మీ, పనులున్నయి." మాస్కు సర్దుకున్నాడు. "పెండ్లికొడుకు వాళ్లకు నీ తబియత్ సంగతి ఎవరో చెప్పిన్రు. వాళ్ల దిక్కు పెద్దమనుషులు కొద్దిగ అదో తీరు. రేపు నువ్వు పరేషాన్ గాకు. ఎండ కూడ ఉంది. పెండ్లి అయిపోనీ, పిల్లను, అల్లున్ని నేనే నీ కాడికి తోలుకొస్త. కాళ్లు మొక్కిపిస్త."

ఆ పిల్లకు నడక నేర్పింది నేను. బడికి తీసుకెళ్లి దించింది నేను. పెళ్లికి రావద్దనడానికి పులిహోర తెచ్చాడు. అరవాలనుకున్నాను. ఆయన మాస్కు పైనుంచి కళ్లు చూశాను, రేకుల గది గడప దగ్గర ఉన్నట్టే ఉన్నాయి, నీళ్లతో. "సరే అన్నా" అన్నాను.

ఆయన వెళ్లాక నా భార్య క్యారియర్ పారబోస్తానంది. నేను వద్దన్నాను. కూర్చుని తిన్నాం. వంకాయ కూర చాలా బాగుంది. అది ఇంకా కోపం తెప్పించింది.

మరునాడు ఆమె క్యారియర్‌ను చింతపండు వేసి తోమి, ఆరబెట్టి, పెళ్లి హడావిడి తగ్గాక తీసుకెళ్లి ఇచ్చింది. వదిన చేతితో అందుకోలేదట. కంపౌండ్ గోడ మీద పెట్టమందట. కొత్త జంట మాత్రం రాలేదు. అన్న ఫోన్ చేసి, అమ్మాయి అత్తగారింటికి వెళ్లిపోయింది, పండక్కి వచ్చినప్పుడు చూద్దామన్నాడు.

కొన్ని రోజులకు పాత స్టీలు తీసుకుని ప్లాస్టిక్ టబ్బులిచ్చే ఆమె మా వీధికి వచ్చింది. మాకు బట్టలు నానేసే టబ్బు పగిలిపోయిందని పిలిచాం. గంప దించి సామాను సర్దుతుంటే అడుగున ఆ క్యారియర్ కనిపించింది. మూత మీద మా అమ్మ పేరు చెక్కి ఉంది. అమ్మ నాకు బడికి అన్నం కట్టిన క్యారియర్ అది. నా చేతిలో ఉన్నప్పుడు నేను గమనించనే లేదు. గంపలో చూస్తేనే గుర్తుపట్టాను.

"ఇది ఎక్కడిదమ్మా?" అని అడిగాను.

"కోట దిక్కు ఒకామె ఇచ్చింది అయ్యా. వాళ్లింట్ల రోగమొచ్చినాయన దీన్ల తిన్నడంట. అందుకె ఇచ్చేసింది. నేను బాగ తోమిన, ఫికర్ చెయ్యకు. కొత్తదాని లెక్కనే ఉంది."

నా భార్య లోపలికి వెళ్లి రెండు పాత గిన్నెలు, ఒక ఇత్తడి చెంబు తెచ్చి ఆమె గంపలో వేసింది. "టబ్బు వద్దు. అదియ్యి" అంది. ఆమె ఆశ్చర్యంగా ఇద్దరినీ చూసి, క్యారియర్ తీసి నా చేతికే ఇచ్చింది.